స్పోర్ట్ టూరింగ్ మోటారు సైకిలు: అవసరానికీ వ్యయానికీ మధ్య ఎంపిక చరిత్ర

వ్యాససంగ్రహం:

వేగం, దూరం, సౌకర్యం అనే మూడు గుణాలను ఒకే వాహనంలో సమకూర్చాలన్న ప్రయత్నం నుంచి స్పోర్ట్ టూరింగ్ మోటారు సైకిలు రూపొందింది. ఈ మూడూ ఒకదానికొకటి కొంత విరుద్ధమైనవి కావడంవల్ల, వీటిలో దేనికి ఎంత చోటివ్వాలన్నది ప్రతి తరంలోనూ ప్రశ్నగానే మిగిలింది. ఆ ప్రశ్నకు బ్రిటన్, జర్మనీ, అమెరికా, జపాన్ దేశాలలో వచ్చిన సమాధానాలను, అవి భారతదేశానికి చేరేసరికి పొందిన మార్పులను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. కొనుగోలుదారుడి ఎంపికగా కనిపించేది రహదారి, శరీరం, చట్టం, ధర అనే నాలుగు కారణాల కలయిక అని నిరూపించడం, ఆ ఎంపికలో రక్షణ సాధనాలకు దక్కిన స్థానాన్ని గుర్తించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశాలు.

కీలకపదాలు: మోటారు సైకిలు, స్పోర్ట్ టూరింగ్, ఫెయిరింగ్, రహదారి, దిగుమతి సుంకం, జీఎస్టీ, ఏబీఎస్, మైలేజీ.

1.0 ఉపోద్ఘాతం:

వాహనాల చరిత్రను సాధారణంగా ఆవిష్కర్తల చరిత్రగా, సంస్థల చరిత్రగా రాయడం పరిపాటి. ఏ యంత్రాన్ని ఎవరు ఎప్పుడు తయారుచేశారన్నది ఆ రచనల్లో ప్రధానాంశం. దానిని ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు, కొనదలచినవారు ఏ కారణంవల్ల కొనలేకపోయారు అన్న ప్రశ్నలకు అక్కడ చోటు తక్కువ. నిజానికి ఒక వాహనం రూపాన్ని నిర్ణయించడంలో ఇంజనీరుకున్నంత పాత్ర కొనుగోలుదారుడికీ ఉంటుంది. అతని నడుము, అతని ఊరి రోడ్డు, అతని జీతం, అతని దేశపు పన్ను విధానం అన్నీ ఆ యంత్రం రూపురేఖలలో చేరతాయి.

ఈ విషయాన్ని స్పష్టంగా చూపగల వర్గం స్పోర్ట్ టూరింగ్ మోటారు సైకిళ్లది. రేసు బండి లక్ష్యం ఒక్కటే, వేగం. నిత్య ప్రయాణపు బండి లక్ష్యమూ ఒక్కటే, తక్కువ ఖర్చు. స్పోర్ట్ టూరింగ్ బండి మాత్రం రోజుకు ఐదారువందల కిలోమీటర్లు సాగాలి, మలుపుల్లో చురుకుగా వంగాలి, వెనుక కూర్చున్నవారినీ సామానునూ మోయాలి, సాయంత్రానికి నడిపినవారి ఒంట్లో సత్తువ మిగల్చాలి. ఇన్నింటినీ నెరవేర్చాలంటే దేన్నో ఒకదాన్ని తగ్గించుకోక తప్పదు. దేన్ని తగ్గించుకున్నారన్నదే ఈ చరిత్రలో ఆసక్తికరమైన అంశం.

2.0 పేరు - పరిధి:

ఇంగ్లీషులో రెండు మాటలుగా ఉన్న ఈ పేరుకు తెలుగులో స్థిరపడిన సమానార్థకం లేదు. 'స్పోర్ట్' అంటే 'క్రీడ' అనీ, 'టూరింగ్' అంటే 'పర్యటన' అనీ అనువదించుకుంటే 'క్రీడాపర్యటన వాహనం' అవుతుంది. అది క్రీడాకారులు పర్యటించే బస్సును తలపిస్తుందే తప్ప అసలు అర్థాన్ని ఇవ్వదు. ఇక్కడ 'స్పోర్ట్' అన్న మాట పోటీని కాక, నడపడంలోని చురుకుదనాన్నీ ఆనందాన్నీ సూచిస్తుంది. 'టూరింగ్' అన్నది రోజుల తరబడి సాగే దూరప్రయాణం. తెలుగు వాడుకలో ఎడ్లబండి మొదలుకొని మోటారు సైకిలు దాకా అన్నింటికీ 'బండి' అన్న ఒక్క మాటే సరిపోయింది. అందుచేత వర్గం పేరును యథాతథంగా ఉంచి, వాహనాన్ని 'బండి' అని వ్యవహరించడమే ఈ వ్యాసంలో అనుసరించిన పద్ధతి.

ఈ వర్గానికి అటూ ఇటూ రెండు వర్గాలున్నాయి. ఒకవైపు పూర్తిగా ముందుకు వంగి నడపవలసిన స్పోర్ట్ బండ్లు. మరోవైపు పెద్ద ఆసనాలు, ఎత్తైన గాలి అద్దాలు, బరువైన సామాను పెట్టెలు గల పూర్తి టూరింగ్ బండ్లు. ఈ రెండింటి మధ్యనున్న విశాలమైన ప్రదేశమే స్పోర్ట్ టూరింగ్ పరిధి. దాని సరిహద్దులు కాలాన్నిబట్టి, దేశాన్నిబట్టి జరుగుతూ వచ్చాయి.

3.0 పేరుకు ముందే పుట్టిన బండి - విన్సెంట్:

స్పోర్ట్ టూరింగ్ అన్న పేరు ప్రచారంలోకి రాకముందే ఆ లక్షణాలున్న వాహనం బ్రిటన్‌లో తయారయింది. స్టీవనేజ్ పట్టణంలో ఫిలిప్ విన్సెంట్ నడిపిన సంస్థ, ఇంజనీరు ఫిల్ ఇర్వింగ్ సహకారంతో రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1946లో 998 సి.సి. రాపిడ్ బండిని విడుదల చేసింది. 1948లో దానినుంచి వచ్చిన బ్లాక్ షాడో గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఆ కాలంలో రోడ్డుమీద తిరిగే వాహనాలలో దానికి సాటివచ్చేవి అరుదు.

విన్సెంట్ బండ్లకు వేగంవల్ల వచ్చిన కీర్తి అందరికీ తెలిసిందే. ఎంపిక చరిత్ర దృష్ట్యా అంతకన్నా ముఖ్యమైనది వాటి అమరిక. పాదాలు పెట్టుకునే ఊతలను, మీటలను నడిపేవారి కొలతలకు అనుగుణంగా సవరించుకునే వీలు వాటిలో ఉంది. చక్రాలను పనిముట్లు లేకుండానే విప్పవచ్చు. వెనుక చక్రాన్ని తిప్పి అమర్చుకుంటే పళ్లచక్రం మారి, సైడ్‌కారు లాగడానికి తగిన గేరు నిష్పత్తి ఏర్పడుతుంది. ఒంటరి ప్రయాణానికి ఒక తీరు, కుటుంబంతో వెళ్లేటప్పుడు మరొక తీరు అన్నమాట. కొనుగోలుదారుడి అవసరాలు ఒకటికన్నా ఎక్కువ ఉంటాయనీ, అతను రెండు బండ్లు కొనలేడనీ గుర్తించిన రూపకల్పన ఇది.

1954లో ఈ సంస్థ బండిని దాదాపు పూర్తిగా ఫైబర్ గ్లాసు తొడుగుతో కప్పి బ్లాక్ నైట్, బ్లాక్ ప్రిన్స్ అన్న పేర్లతో ప్రదర్శించింది. వాననుంచి, చలినుంచి, బురదనుంచి నడిపేవారికి రక్షణ కల్పించడం దీని లక్ష్యం. ఆలోచన కాలానికి ముందున్నదే. కానీ 1955 డిసెంబరుతో విన్సెంట్ మోటారు సైకిళ్ల ఉత్పత్తి ఆగిపోయింది. నాణ్యతలో రాజీపడని తయారీకి అయ్యే ఖర్చును అమ్మకాలు భరించలేకపోయాయి. అవసరాన్ని సరిగా గుర్తించినా కొనుగోలుదారుల జేబును అంచనా వేయలేకపోతే ఏమవుతుందో చూపిన తొలి ఉదాహరణ ఇది.

4.0 గాలిసొరంగంలో రూపుదిద్దుకున్న బండి - బి.ఎం.డబ్ల్యూ.:

జర్మనీలో పరిస్థితి వేరు. అక్కడి ఆటోబాన్ రహదారులలో చాలా భాగంమీద సార్వత్రిక వేగపరిమితి లేదు. గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో గంటల తరబడి సాగడం అక్కడ చట్టబద్ధమైన, నిజమైన అవసరం. ఆ వేగం దగ్గర ప్రధాన శత్రువు గాలి. గాలి నిరోధం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం గంటకు 80 కిలోమీటర్ల నుంచి 160కి రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు, దాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. ఆ ఒత్తిడినంతా నడిపేవారి ఛాతీ, మెడ, చేతులే భరించాలి.

1973లో బి.ఎం.డబ్ల్యూ. ఆర్90ఎస్ బండిని తెచ్చింది. 898 సి.సి. ఇంజను, 67 అశ్వశక్తి, గంటకు సుమారు 200 కిలోమీటర్ల గరిష్ఠ వేగం, హాన్స్ ముత్ రూపొందించిన చిన్న ముందు తొడుగు దీని ప్రత్యేకతలు. ఇది దూరప్రయాణపు బండే అయినా, 1976లో అమెరికాలో మొదటిసారి నిర్వహించిన ఎ.ఎం.ఎ. సూపర్‌బైక్ పోటీల విజేత రెగ్ ప్రిడ్మోర్ నడిపింది ఈ బండినే. వేగానికీ యాత్రకూ పొత్తు కుదురుతుందని ఈ విజయం చాటింది.

అదే 1976లో ఆర్100ఆర్‌ఎస్ వచ్చింది. పెద్ద సంఖ్యలో తయారైన మోటారు సైకిళ్లలో పూర్తి ఫెయిరింగ్‌ను, అంటే గాలిని పక్కలకు మళ్లించే తొడుగును, కర్మాగారంలోనే అమర్చి అమ్మిన మొదటి బండిగా దీనికి చరిత్రలో స్థానముంది. ఇటలీలోని పినిన్‌ఫరీనా సంస్థ గాలిసొరంగంలో పరీక్షించి దాని ఆకృతిని నిర్ణయించారు. రేసు బండ్లలో ఫెయిరింగ్ లక్ష్యం వేగం పెంచడం. ఇక్కడ దాని లక్ష్యం మనిషి అలసటను తగ్గించడం, బండి ముందు భాగం గాలికి తేలిపోకుండా నిలపడం. లక్ష్యం మారడంతో ఒక కొత్త వర్గం ఏర్పడింది.

1978లో అదే ఇంజనుతో మరింత ఎత్తైన అద్దం, ఎత్తైన హ్యాండిల్ గల ఆర్100ఆర్‌టీ వచ్చింది. ఇంజను ఒకటే, కూర్చునే తీరు వేరు. ఈ భేదం వెనుక ఒక శరీరధర్మ సూత్రం ఉంది. ముందుకు వంగి కూర్చున్నప్పుడు పైశరీరం బరువు మణికట్లమీద పడుతుంది. అధిక వేగంలో ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెట్టి ఆ బరువును తగ్గిస్తుంది. కాబట్టి ఆటోబాన్‌మీద ఆ భంగిమ సుఖంగా ఉంటుంది. నెమ్మదిగా కదిలే రద్దీలో గాలి సాయం ఉండదు, మణికట్లు నొప్పిపెడతాయి. అంటే ఒక బండి సౌకర్యవంతమైనదా కాదా అన్నది బండిలో మాత్రమే లేదు; అది ఏ వేగంతో, ఏ రోడ్డుమీద నడుస్తుందన్న దానిలో ఉంది. ఒక దేశపు బండిని మరొక దేశానికి తెచ్చుకునేటప్పుడు చాలామంది విస్మరించే అంశం ఇదే.

5.0 కొనుగోలుదారులే పూర్తిచేసిన బండి - గోల్డ్ వింగ్:

అమెరికా రహదారుల స్వభావం ఇంకొక రకం. దూరాలు ఎక్కువ, మలుపులు తక్కువ. పైగా చమురు సంక్షోభం కారణంగా 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ల, అంటే సుమారు 88 కిలోమీటర్ల వేగపరిమితి విధించారు. ఆ జాతీయ పరిమితి పూర్తిగా రద్దయింది 1995లోనే. ఇటువంటి చోట 200 కిలోమీటర్ల వేగంకన్నా పది గంటలు కూర్చోగల ఆసనం విలువైనది.

హోండా 1969లో విడుదల చేసిన సీబీ750 నాలుగు సిలిండర్ల ఇంజనును, ముందు డిస్క్ బ్రేకును మధ్యతరగతికి అందుబాటు ధరలోకి తెచ్చింది. అమెరికాలో దాని తొలి ధర 1,495 డాలర్లు. 1975లో అదే సంస్థ 999 సి.సి. గోల్డ్ వింగ్‌ను ప్రవేశపెట్టింది. నీటితో చల్లబడే ఇంజను, గొలుసుకు బదులు షాఫ్టు దీని ప్రత్యేకతలు. అయితే దీనికి ఫెయిరింగ్ లేదు, సామాను పెట్టెలు లేవు. ఆ లోటును కొనుగోలుదారులే పూరించుకున్నారు. క్రెయిగ్ వెట్టర్ ఇల్లినాయ్ రాష్ట్రంలో తయారుచేసిన విండ్‌జామర్ ఫెయిరింగ్‌ను, ఇతర సంస్థల పెట్టెలను విడిగా కొని అమర్చుకున్నారు. చివరకు 1980లో హోండా సంస్థే ఫెయిరింగ్, పెట్టెలు అమర్చిన ఇంటర్‌స్టేట్ నమూనాను విడుదల చేసింది. 1988లో ఇంజను ఆరు సిలిండర్ల 1500 సి.సి.కి పెరిగింది.

ఈ పరిణామంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, కొనుగోలుదారుల అవసరం సంస్థ ఊహను సవరించింది. రెండవది, ఆ సవరణ ఫలితంగా బండి స్పోర్ట్ టూరింగ్ పరిధిని దాటి పూర్తి టూరింగ్ వర్గంలోకి వెళ్లిపోయింది. మధ్యలో ఏర్పడిన ఖాళీ 1980ల జపాన్ బండ్లకు అవకాశమైంది.

6.0 జపాన్ సమాధానాలు:

1983లో బి.ఎం.డబ్ల్యూ. నాలుగు సిలిండర్ల కె100ఆర్‌ఎస్‌ను తెచ్చాక జపాన్ సంస్థలు ఈ వర్గంపై దృష్టి పెట్టాయి. యమహా 1984లో ఎఫ్‌జే1100ను, హోండా 1986లో వీఎఫ్‌ఆర్750ను విడుదల చేశాయి. మొదటిదాని బలం ఇంజను. రెండవదాని బలం సమతౌల్యం. స్పోర్ట్ బండిగా మొదలైన వీఎఫ్‌ఆర్ క్రమంగా దూరప్రయాణికుల అభిమానాన్ని చూరగొని, 1998లో 800గా మారి ఈ వర్గానికి ప్రతినిధిగా నిలిచింది.

బడ్జెటు దృష్టితో చూస్తే ఎక్కువ చెప్పుకోవలసింది 1986 నాటి కావాసాకి జీటీఆర్1000 గురించి. అమెరికాలో దీని పేరు కాంకోర్స్. సంస్థ వద్ద సిద్ధంగా ఉన్న 997 సి.సి. స్పోర్ట్ ఇంజనును తీసుకొని, షాఫ్టు, ఫెయిరింగ్, పెట్టెలు, 28.5 లీటర్ల ట్యాంకు జతచేసి రూపొందించిన బండి ఇది. లీటరుకు 16 కిలోమీటర్లే ఇస్తుందనుకున్నా ఒక ట్యాంకుతో 450 కిలోమీటర్లు దాటవచ్చు. అమెరికాలో ఇది 2006 వరకు పెద్ద మార్పులు లేకుండా కొనసాగింది. మార్పులు లేకపోవడాన్ని సమీక్షకులు లోపంగా చూడవచ్చు. కొనుగోలుదారుడికి అందులో లాభముంది. విడిభాగాలు మారవు, మెకానిక్కుకు బండి గుట్టు తెలుస్తుంది, పాత బండి కొన్నవారికి ఆధారం దొరుకుతుంది. బండి కొనే ధర ఒకటి, బండిని నిలబెట్టుకునే ధర మరొకటి అన్న వివేకం ఈ నమూనా ఇచ్చిన పాఠం.

1990లో వచ్చిన హోండా ఎస్‌టీ1100 ఇందుకు భిన్నమైన మార్గం. దీనికి ఇంజను సహా దాదాపు అన్నింటినీ యాత్రకోసమే కొత్తగా రూపొందించారు. బరువు దాదాపు 300 కిలోలు. స్థిరంగా సాగే రోడ్డుమీద ఆ బరువు తెలియదు. ఇరుకు సందులో వెనక్కి నెట్టవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది.

గొలుసా, షాఫ్టా అన్న ప్రశ్నకూడా ఇక్కడిదే. గొలుసు తేలిక, చవక, శక్తి నష్టం తక్కువ. కానీ కొన్ని వందల కిలోమీటర్లకోసారి నూనె పట్టించాలి, బిగువు సరిచూడాలి, చివరకు మార్చాలి. షాఫ్టు బరువు, ఖరీదు. వారాల తరబడి పట్టించుకోనక్కరలేదు. ఏడాదికి ఐదువేల కిలోమీటర్లు తిరిగేవారికి గొలుసు చాలు. ఏడాదికి ముప్పైవేలు తిరిగేవారికి షాఫ్టు ఖరీదు తిరిగి రావచ్చు.

7.0 చట్టం గీసిన గీతలు:

ఎంపిక పూర్తిగా కొనుగోలుదారుడి స్వేచ్ఛ కాదనడానికి బలమైన నిదర్శనాలు పన్నుల చరిత్రలో ఉన్నాయి. అమెరికాలో హార్లీ డేవిడ్సన్ సంస్థ అభ్యర్థనపై రీగన్ ప్రభుత్వం 1983లో 700 సి.సి. దాటిన దిగుమతి మోటారు సైకిళ్లపై అప్పటికే ఉన్న 4.4 శాతానికి అదనంగా 45 శాతం సుంకం విధించింది. అదనపు సుంకం ఏటా తగ్గుతూ పోయేలా ఏర్పాటు చేశారు. జపాన్ సంస్థల ప్రతిస్పందన ఆసక్తికరం. 750 సి.సి. ఇంజన్లను కొద్దిగా కుదించి 700 గీతకు లోపలికి తెచ్చాయి. వీఎఫ్‌ఆర్750కి తోడు వీఎఫ్‌ఆర్700 అమెరికా మార్కెట్టులో కనిపించడానికి కారణం ఇదే. ఇంజనీరింగ్ దృష్టితో ఆ యాభై సి.సి.లు తగ్గించవలసిన అవసరమేదీ లేదు. గోల్డ్ వింగ్ 1980 నుంచి ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్ కర్మాగారంలో తయారవుతున్నందువల్ల దానికి ఆ ఇబ్బంది రాలేదు.

జపాన్‌లో గీత మరొకచోట ఉంది. 1975 తరువాతి లైసెన్సు విధానంలో 400 సి.సి. దాటిన బండ్లకు కఠినమైన ప్రత్యేక పరీక్ష అవసరమయ్యేది. 1996లో ఆ శిక్షణ డ్రైవింగు పాఠశాలలకు అందేవరకు అక్కడి యువతకు 400 సి.సి. ఆచరణలో గరిష్ఠ పరిమితి. ప్రపంచానికి పెద్ద బండ్లు అమ్మిన దేశంలో సొంత ప్రజలకు చిన్న బండ్లే దక్కడం ఈ చరిత్రలోని వైచిత్రి.

8.0 భారతదేశం - మైలేజీ నుంచి దూరం వరకు:

8.1 లైసెన్సుల కాలం:

1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలయింది. మైసూరులో 1961 నుంచి జావా బండ్లు వచ్చాయి. ఎస్కార్ట్స్ సంస్థ రాజ్‌దూత్‌ను అందించింది. ఏ బండి ఎన్ని తయారుచేయాలో ప్రభుత్వ అనుమతులు నిర్ణయించిన ఆ కాలంలో కొనుగోలుదారుడికి ఎంపికంటే నిరీక్షణే ఎక్కువ. 1980ల నడుమ జపాన్ సంస్థల భాగస్వామ్యంతో 100 సి.సి. బండ్లు రావడంతో దృశ్యం మారింది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ100 లీటరుకు 80 కిలోమీటర్లు అన్న ప్రచారంతో భారతీయుల అవసరానికి ఒక నిర్వచనం ఇచ్చింది. 'మైలేజీ ఎంత?' అన్నది బండి గురించి అడిగే మొదటి ప్రశ్నగా తెలుగునాట స్థిరపడింది.

ఈ నేపథ్యంలో 1983 నాటి రాజ్‌దూత్ 350 చరిత్ర పరిశీలించదగింది. యమహా ఆర్‌డీ350 ఆధారంగా తయారైన 347 సి.సి. రెండు సిలిండర్ల బండి ఇది. ఆరు గేర్లు, ఆనాటి మన రోడ్లమీద ఎదురులేని వేగం. కానీ పెట్రోలు ఖర్చు ఎక్కువ, విడిభాగాలు ఖరీదు. మైలేజీ పెంచడానికి శక్తి తగ్గించిన రెండో నమూనా తెచ్చినా ఫలితం లేకపోయింది. దశాబ్దం ముగిసేనాటికి అది కనుమరుగైంది. జపాన్ నమూనాలో ముందున్న డిస్క్ బ్రేకుకు బదులు ఇక్కడి బండికి డ్రమ్ బ్రేకు అమర్చారన్న విషయం ఇంకా ముఖ్యమైనది. వేగాన్ని దిగుమతి చేసుకొని, ఆపే సాధనాన్ని ఖర్చుకోసం వదులుకున్నారు.

8.2 రహదారి తెచ్చిన అవసరం:

2000 తరువాత స్వర్ణచతుర్భుజి పథకంతో నాలుగు వరుసల రహదారులు ఏర్పడ్డాయి. చెన్నై-కోల్‌కతా భాగం నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం మీదుగా ఆంధ్రతీరాన్ని ఒక్క గీతగా కలిపింది. అంతకుముందు రైలుకో బస్సుకో వదిలేసిన దూరాలు బండి పరిధిలోకి వచ్చాయి. 2003లో 223 సి.సి. కరిజ్మా, 2011లో పూర్తి ఫెయిరింగ్ గల 249 సి.సి. సీబీఆర్250ఆర్, 2016 డిసెంబరులో 373 సి.సి. డొమినార్ 400 ఈ కొత్త అవసరానికి అంచెలంచెలుగా వచ్చిన సమాధానాలు.

అయితే యూరప్ నిర్వచనం ఇక్కడ యథాతథంగా వర్తించదు. 2018 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం నాలుగు వరుసల రహదారులమీద సైతం మోటారు సైకిళ్ల గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారిమీదికి ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేదు. కాబట్టి 150 అశ్వశక్తి గల బండి కొన్నవారు చట్టం లోపల దానిలో కొద్దిభాగాన్నే వాడుకోగలరు. ఇక్కడి నిజమైన అవసరాలు వేరు: గుంతలను తట్టుకునే సస్పెన్షన్, ఎండాకాలపు రద్దీలో కాళ్లు కాల్చని ఇంజను, నిటారుగా కూర్చునే భంగిమ, చిన్న పట్టణంలోనూ దొరికే విడిభాగాలు, నమ్మదగిన బ్రేకులు.

8.3 బ్రేకు ధర:

చక్రం బిగుసుకుపోయి జారకుండా ఆపే ఏబీఎస్ సాధనం మోటారు సైకిళ్లలో తొలిసారి 1988లో బి.ఎం.డబ్ల్యూ. కె100 బండ్లతో వచ్చింది. భారతదేశంలో డొమినార్ విడుదలైనప్పుడు ఢిల్లీ షోరూము ధర ఏబీఎస్ లేకుండా 1.36 లక్షలు, ఏబీఎస్‌తో 1.50 లక్షలు. అంటే దూరప్రయాణానికే ఉద్దేశించిన బండిమీద ప్రాణరక్షణకు 14,000 రూపాయల ధర నిర్ణయించి, కొనాలా వద్దా అన్నది కొనుగోలుదారుడికే వదిలేశారు. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త నమూనాలకు, 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సి.సి. దాటిన అన్ని బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి కావడంతో ఆ ప్రశ్న తొలగింది. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలమీద ప్రయాణించినవారే. ఈ సంఖ్యను ఎదురుగా ఉంచుకొని చూస్తే, కొన్ని ఎంపికలను వ్యక్తి బడ్జెటుకు వదలకూడదన్న సూత్రం ఎంత అవసరమో తెలుస్తుంది.

8.4 350 సి.సి. గీత:

2017లో జీఎస్టీ అమలైనప్పుడు మోటారు సైకిళ్లపై 28 శాతం పన్ను, 350 సి.సి. దాటినవాటిపై అదనంగా 3 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. వరకు 18 శాతం, ఆపైన 40 శాతంగా మార్చారు. పన్నుకు ముందు ధర రెండు లక్షలున్న రెండు బండ్లను పోల్చితే గీత ప్రభావం తెలుస్తుంది. పాత విధానంలో ఆ రెండింటి పన్ను 56,000, 62,000 రూపాయలు, తేడా 6,000. కొత్త విధానంలో 36,000, 80,000 రూపాయలు, తేడా 44,000. నిత్యావసరపు బండికి ఊరట దక్కింది. మధ్యతరగతి యాత్రికుడికి అనువైన 373, 411 సి.సి. వంటి ఇంజన్లు మాత్రం విలాసవస్తువుల పక్కన చేరాయి. 1983 నాటి అమెరికా అనుభవంతో పోల్చితే, గీత ఉన్నచోట ఇంజన్లు గీతకు లోపలికి కుదించుకోవడం సహజ పరిణామమని ఊహించవచ్చు.

9.0 చరిత్ర సూచించే ఎంపిక ప్రమాణాలు:

పై పరిణామాల నుంచి ఎంపికకు ఉపకరించే ప్రమాణాలు కొన్ని తేలుతున్నాయి.

అ) దూరం: ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, అందులో నగరంలో ఎన్ని, రహదారిమీద ఎన్ని అన్న లెక్క మొదటిది. రోజూ ఆఫీసుకు వెళ్తూ ఏడాదికి రెండుసార్లు యాత్ర చేసేవారి అవసరాన్ని నిర్ణయించేది యాత్ర కాదు, ఆఫీసు దారి.

ఆ) శరీరం: పాదాలు నేలకు ఆనాలి, మణికట్లమీద భారం పడకూడదు, బండిని ఇంజను ఆపి నెట్టగలగాలి. పది నిమిషాల పరీక్షా ప్రయాణం ఈ విషయాలను పూర్తిగా చెప్పదు. అరగంట దాటాకే నొప్పి తన చోటు చూపుతుంది.

ఇ) తోడు, సామాను: ప్రతి బండికీ మోయగల గరిష్ఠ భారం తయారీదారు నిర్ణయించి ఉంటాడు. ఇద్దరి బరువూ పెట్టెల బరువూ కలిపి దానికి లోబడాలి. బరువైన సామాను వెనుక చక్రానికి బాగా వెనకగా, ఎత్తుగా చేరితే అధిక వేగంలో బండి ఊగిసలాడుతుంది.

ఈ) మొత్తం వ్యయం: షోరూము ధరకు రోడ్డు పన్ను, బీమా, టైర్లు, గొలుసు, సర్వీసు కలపాలి. ఐ.ఎస్. 4151 ప్రమాణం గల హెల్మెట్టు, జాకెట్టు, చేతి తొడుగులు, బూట్లు కూడా ఈ లెక్కలోవే. బడ్జెటులో చివరి రూపాయి వరకు బండికే పెట్టినవారు ఈ సామగ్రివద్ద రాజీపడతారు. రాజీపడకూడని చోటే అది.

ఉ) ఆధారం: వెళ్లదలచిన దారిలో ఆ బండిని బాగుచేయగల మనిషి, దొరికే విడిభాగం ఉన్నాయా అన్నది చివరి ప్రశ్న. రాజ్‌దూత్ 350 ఓడినదీ, కాంకోర్స్ నిలిచినదీ ఈ ప్రశ్నవద్దే.

10.0 ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

1. స్పోర్ట్ టూరింగ్ అన్నది స్థిరమైన వర్గం కాదు. ఆటోబాన్ దానికి ఫెయిరింగ్‌ను, అమెరికా దూరాలు ఆసనాన్ని, జపాన్ పోటీ ధరను, భారత రహదారి నిటారు భంగిమను ఇచ్చాయి.

2. విన్సెంట్ నుంచి డొమినార్ వరకు ప్రతి బండీ ఏదో ఒక గుణాన్ని తగ్గించుకొనే మరొక గుణాన్ని పొందింది. అన్ని అవసరాలూ తీర్చే బండి ఈ చరిత్రలో కనిపించదు.

3. 700, 400, 350 సి.సి. వంటి సంఖ్యలు ఇంజనీరింగ్ నుంచి పుట్టినవి కావు. అవి ప్రభుత్వాలు గీసిన గీతలు. కొనుగోలుదారుడి ఎంపిక ఆ గీతల మధ్యే సాగుతుంది.

4. ధర తగ్గించవలసి వచ్చినప్పుడు బ్రేకు వంటి రక్షణ సాధనాలమీద వేటు పడిన సందర్భాలు భారతదేశంలో ఉన్నాయి. దాన్ని సరిచేసింది మార్కెట్టు కాదు, నిబంధన.

5. అవసరాన్ని నిజాయితీగా నిర్ణయించుకోగలిగిన కొనుగోలుదారుడికి తక్కువ ధరలోనే తగిన బండి దొరికే అవకాశం నేడు ఉంది. గంటకు 80 కిలోమీటర్ల పరిమితిగల దేశంలో దూరప్రయాణానికి కావలసింది అపారమైన శక్తి కాదు. సాయంత్రం ఆరోగ్యంగా గమ్యం చేర్చే సమతౌల్యం.

మైలేజీ ఎంత అన్న ప్రశ్న నాలుగు దశాబ్దాలపాటు మన బండ్ల రూపాన్ని శాసించింది. దాని సరసన ఎంత దూరం, ఎవరితో, ఎంత క్షేమంగా అన్న ప్రశ్నలు కూడా చేరినప్పుడే ఈ వర్గం ఇక్కడ తనదైన రూపాన్ని పొందగలుగుతుంది.